కామేశ్వరి టీచరు గారు వెతికిన పిల్లలు

తునిలో బజారు వీధికి వెళ్లినప్పుడల్లా ఒక టోకు దుకాణం ముందు నా నడక నెమ్మదిస్తుంది. మొన్న ఇంకొంచెం ఎక్కువసేపే ఆగాను. దుకాణంలో గుమస్తా ఇంగువ డబ్బా మూత తీసి ఎవరికో చూపిస్తున్నాడు. ఆ ఘాటు వీధి దాకా వచ్చింది. నాతో వచ్చిన సైన్సు టీచరు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం నిలబడి నిండా ఊపిరి పీల్చుకున్నాను. "ఏంటండీ పద్మగారూ, పులిహోర గుర్తొచ్చిందా?" అని ఆవిడ నవ్వింది. "కాదండీ, లెక్కల పరీక్ష పేపర్లు" అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు. నడిబజారులో నిలబడి చెప్పే సంగతి కాదు గనక నేనూ వివరించలేదు. ఇంటికి వచ్చాక మాత్రం ఇది రాయాలనిపించింది.

మా లెక్కల టీచరు కామేశ్వరి గారి అత్తవారిది రాజమండ్రిలో ఇంగువ వ్యాపారం చేసే కుటుంబం. కింద కొట్టు, వెనక సరుకు గది, పైన ఇల్లు. మేము రాసిన పరీక్ష పేపర్లు ఆ ఇంటికి వెళ్లి, రెండు రోజులుండి, దిద్దించుకుని వచ్చేసరికి ఒక్కో కాగితానికీ ఇంగువ వాసన పట్టేసేది. పిల్లలు పేపరు అందుకోగానే ముందు మార్కులు చూసుకునేవారు, తర్వాత వాసన చూసుకుని నవ్వుకునేవారు. ఆవిడకి ఆ సంగతి తెలుసు. "నవ్వండి, నవ్వండి. మా మామగారు వింటే మీ అందరికీ తలో పలుకూ పంపిస్తారు" అనేవారు. గంజి పెట్టిన నేత చీర, నల్ల గొడుగు, రెండు గిన్నెల క్యారేజీ. బస్సు దిగి, కాలువ గట్టు మీద నడుచుకుంటూ, ఎండాకాలమైనా వానాకాలమైనా మొదటి గంటకి ముందే బడిలో ఉండేవారు.

మా ఊరు ధవళేశ్వరానికి దిగువన, కాలువ పక్కన. మా నాన్న ఇరిగేషన్‌లో లస్కరు. కాలువ తలుపులు ఎత్తడం, దించడం, పొద్దున్నా సాయంత్రం గేజీ చూసి నీరు ఎంత ఉందో పుస్తకంలో రాయడం ఆయన పని. లాకుల పక్కనే మా ఇల్లు. ఆ ఇంటి అరుగు మీద కూర్చునే నేను అంకెలతో స్నేహం చేశాను. ఎవరూ నేర్పలేదు. గట్టు మరమ్మతుకని ఇటుకలు తెచ్చి నేల మీద పరిస్తే, ఒక పక్క వరుసలు తీసి ఇంకో పక్కకి చేర్చినట్టు మనసులో ఊహించుకునేదాన్ని. కుదిరితే సరదా, కుదరక కొన్ని ఇటుకలు మిగిలిపోతే ఇంకా సరదా. అది లెక్కలు చేయడమని నాకు తెలియదు. బళ్లో లెక్కలంటే వేరే ఏదో అనుకునేదాన్ని.

బళ్లో నేను మొద్దుని. ఎనిమిదో తరగతిలో మాకు లెక్కలు చెప్పిన మాస్టారు చెడ్డవారు కాదు, కానీ గది నిండా పిల్లలు, బల్లలు చాలక కిందా పిల్లలే. ఒక పరీక్షలో నేను జవాబులు మాత్రం రాసి, మధ్యలో ఏమీ రాయలేదు. "స్టెప్పులేవి? ఎవరిది చూసి దింపావ్?" అని అడిగారు. చూడలేదన్నాను. అబద్ధం కూడా ఆడుతున్నానని బల్లెక్కించి పీరియడ్ అయ్యేదాకా నిలబెట్టారు. అందరూ చూశారు. ఆ తర్వాత నేను జవాబులు రాయడం కూడా మానేశాను. కాగితం తెల్లగా ఉంచితే ఎవరూ దొంగ అనరు కదా. సున్నాకి దగ్గరగా వచ్చే మార్కులతో, చివరి బల్ల మీద, నా పక్కన కూర్చునే మంగతో కబుర్లు చెప్పుకుంటూ ఆ ఏడాది గడిపేశాను.

తొమ్మిదిలోకి వచ్చాక కామేశ్వరి టీచరు గారు బదిలీ మీద మా బడికి వచ్చారు. మొదటి స్లిప్ టెస్టులో అయిదు లెక్కలు ఇచ్చారు. కొత్తావిడ కదా, ఒకసారి చూద్దామనిపించి, కాగితం మూల అయిదు జవాబులూ ఒకదాని కింద ఒకటి రాసి ఇచ్చేశాను. రెండు రోజుల తర్వాత అందరి పేపర్లూ మార్కులతో వచ్చాయి. నా దాని మీద మార్కులు లేవు. "ఒకసారి బయటికి రామ్మా" అని మాత్రం రాసి ఉంది. మళ్లీ బల్ల ఎక్కిస్తారనుకున్నాను. వరండాలోకి వెళ్లాను.

ఆవిడ వరండా మెట్టు మీద కూర్చుని ఉన్నారు. నన్నూ కూర్చోమన్నారు. టీచరు పక్కన కూర్చోవడం నాకదే మొదలు.

"నలభై ఏడుని యాభై మూడుతో హెచ్చిస్తే ఎంతమ్మా?"

"రెండు వేల నాలుగు వందల తొంభై ఒకటండీ."

"ఎలా వచ్చింది?"

ఆ ప్రశ్న విన్నప్పుడల్లా నాకు బల్ల మీద నిలబడ్డ రోజే గుర్తొచ్చేది. ఆవిడ తొందరపెట్టలేదు. గొడుగు చివరతో నేల మీద గీతలు గీస్తూ కూర్చున్నారు. చివరికి నేనే నోరు విప్పాను. "యాభై వరుసల్లో యాభయ్యేసి ఇటుకలు ఉన్నాయనుకోండి. రెండు వేల అయిదు వందలు. ఒక పక్క మూడు వరుసలు తీసి రెండో పక్కన నిలువుగా పెట్టామనుకోండి. అక్కడ పొడుగు తగ్గిపోయింది కదండీ, అందుకని తొమ్మిది ఇటుకలు మిగిలిపోతాయండీ."

"నీకిది ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండీ. మా ఇంటి దగ్గర ఇటుకలు ఉన్నాయండీ."

ఆవిడ గొడుగు పక్కన పెట్టి నా వైపు తిరిగారు. ఆ ముఖం నాకు ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. సంతోషమో, కోపమో తెలియలేదు. కోపమేనని చాలా ఏళ్ల తర్వాత అర్థమైంది, అది నా మీద కాదు. "పద్మా, నీకు లెక్కలు రాకపోవడం కాదే. లెక్కలు రాయడం రాదు. అది నేను నేర్పుతాను. మిగతాది నేను నేర్పక్కర్లేదు" అన్నారు.

మర్నాడు ఒక నోటుపుస్తకం తెచ్చి ఇచ్చారు. అందులో నా జవాబులు ఎలా వచ్చాయో రాయమన్నారు. "నాకు తెలుసు కదండీ, ఎందుకు రాయడం?" అన్నాను. "ఇది నీ కోసం కాదు. నీకు కనిపించింది, కనిపించని మనిషికి చూపించడానికి." "ఎవరికండీ?" అన్నాను. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, "మంగ కోసమనుకో. నీ పక్కనే ఉంటుందిగా. మంగకి అర్థమయ్యేట్టు రాయి, చాలు" అన్నారు. అలా మంగ నాకు తొలి పాఠకురాలయ్యింది.

మంగతాయారు మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఉండేది. వాళ్లమ్మ కడియం వైపు ఒక నర్సరీలో మొక్కల పనికి వెళ్లేది. మంగకి మార్కులు అటూ ఇటూ కాకుండా వచ్చేవి. మెచ్చుకునేంతా కాదు, తిట్టేంతా కాదు. అందువల్ల మా బళ్లో ఎవరి కంటికీ ఆనేది కాదు. నేను రాసింది చదివి అది అడిగే ప్రశ్నలు మాత్రం నాకు విసుగు తెప్పించేవి. "ఇది ఎప్పుడూ నిజమేనంటావా? రెండుసార్లు కుదిరిందని మూడోసారి కుదరాలని ఏంటి?" అనేది. "కుదురుతుందే బాబూ" అని నేను కసురుకునేదాన్ని. కసురుకున్నాక, మళ్లీ కూర్చుని, ఎప్పుడూ ఎందుకు కుదురుతుందో రాయాల్సి వచ్చేది. టీచరు గారు ఆ రాత చూసి, "ఎంత పకడ్బందీగా రాస్తున్నావే" అని మురిసిపోయేవారు. ఆ పకడ్బందీ ఎవరి ప్రశ్నల వల్ల వచ్చిందో ఆవిడకి తెలియదు. నాకు తెలిసినా పట్టలేదు.

ఒక సాయంత్రం టీచరు గారు మా లాకుల దగ్గరికి వచ్చారు. మా నాన్న తలుపు తిప్పే చక్రం వదిలేసి, తువ్వాలు భుజం మీంచి తీసి చేతిలో పట్టుకుని, "ఏం చేసిందండీ అమ్మగారూ మా పిల్ల?" అన్నాడు. బడి నుంచి మనిషి ఇంటికి వస్తే తప్పు జరిగిందనే ఆయనకి తెలుసు.

"ఏం చెయ్యలేదండీ. ఇన్నాళ్లూ మేమే దాన్ని చెయ్యనివ్వలేదు" అన్నారావిడ. తర్వాత అరుగు మీద కూర్చుని, నాకున్నది మామూలు తెలివి కాదని, దాన్ని ఊరికే వదిలేస్తే ఎండిపోతుందని, ఇంటి పనులకని బడి మాన్పించొద్దని చెప్పారు. మా నాన్న తల వంచుకుని విన్నాడు. "ఆయ్, అలాగేనండి. మాకు నీళ్ల సంగతే తెలుసండీ, చదువుల సంగతి తెలీదు. మీరెక్కడికి పంపమంటే అక్కడికి పంపుతానండి" అన్నాడు. ఆవిడ వెళ్లాక చాలాసేపు నన్ను చూస్తూ కూర్చున్నాడు, కొత్తగా మా ఇంటికి వచ్చిన మనిషిని చూసినట్టు.

అప్పటికి ఆవిడ ఇంకో పోరాటం చేస్తున్నారు. నన్ను లెక్కల పీరియడ్‌లో పదో తరగతి వాళ్లతో కూర్చోబెట్టాలని హెడ్మాస్టరు గారిని అడుగుతున్నారు. ఆయన ససేమిరా అన్నారు. "రూల్స్ ఒప్పుకోవండీ. రేపు ఇంకో పేరెంటు వచ్చి మా వాడినీ కూర్చోబెట్టమంటే ఏం చెప్పాలి?" అని ఆయన బాధ. టీచరు గారు వాదించలేదు. ప్రతి సోమవారం వరండా గోడ మీద ఒక లెక్క అతికించడం మొదలుపెట్టారు. పుస్తకంలో లేని లెక్క. ఎవరైనా చేయొచ్చు. నా కోసమే పెడుతున్నారని నాకు తెలుసు, నేను మంచి జవాబు తెస్తే దాన్ని తీసుకెళ్లి హెడ్మాస్టరు గారి ముందు పెడతారనీ తెలుసు.

దసరా సెలవులకి ముందు ఒక సోమవారం ఇలా అతికించారు. ఒక గది నేల మీద అడ్డం ఆరు, నిలువు ఆరు గళ్లు. ఐమూలగా ఉన్న రెండు మూల గళ్లలో స్తంభాలు నిలబడి ఉన్నాయి. మిగిలిన ముప్పై నాలుగు గళ్లని, ఒక్కొక్కటి సరిగ్గా రెండు గళ్లు కప్పే పలకలతో, పలక విరగ్గొట్టకుండా కప్పగలమా? నేను నాలుగు రోజులు ప్రయత్నించాను. ఎలా పేర్చినా చివర రెండు గళ్లు ఒకదానికొకటి దూరంగా మిగిలిపోతున్నాయి. కుదరదని తెలుస్తోంది. ఎందుకు కుదరదో తెలియడం లేదు. జీవితంలో మొదటిసారి ఒక లెక్క నాకు లొంగలేదు. అన్నం సయించలేదు.

శుక్రవారం సాయంత్రం లాకుల గట్టు మీద సుద్దతో గళ్లు గీసుకుని కూర్చుంటే మంగ వచ్చింది. కాసేపు చూసింది. పక్కన పడి ఉన్న ఇటుక ముక్క తీసుకుని, ఒక గడి విడిచి ఒక గడి ఎర్రగా రుద్దడం మొదలుపెట్టింది. "ఏంటే పాడు చేస్తున్నావ్?" అని అరిచాను. "ఉండవే. ముగ్గుకి రంగులేసినట్టు వేస్తున్నా. పలక ఎక్కడ పెట్టినా ఒక ఎర్ర గడి, ఒక తెల్ల గడి కప్పాలిగా? మరి నీ స్తంభాలు రెండూ ఎర్ర గళ్లలోనే ఉన్నాయి చూడు. తెల్లవి రెండు ఎక్కువైపోయాయి. వాటికి జోడీ ఎక్కడ దొరుకుతుంది?" అంది. చేతులు దులుపుకుని, వాళ్లమ్మ వచ్చే వేళయిందని వెళ్లిపోయింది.

నేను ఆ గళ్ల ముందు అలా కూర్చుండిపోయాను. ఆ తర్వాత ఇంట్లోకి వెళ్లి, నోటుపుస్తకం తీసి, టీచరు గారు నేర్పినట్టే, అంచెలంచెలుగా, ఎక్కడా సందు లేకుండా రాశాను. పైన నా పేరు రాశాను. మంగ పేరు రాయలేదు. మర్చిపోలేదు. రాద్దామా అనుకుని, కలం ఎత్తి, రాయలేదు.

సోమవారం టీచరు గారు అది చదివి పీరియడ్ మధ్యలోనే హెడ్మాస్టరు గారి గదికి వెళ్లారు. ఆయన కూడా ఒకప్పుడు లెక్కల మాస్టారే. రెండుసార్లు చదివారట. నన్ను పిలిచి, కళ్లజోడు పైనుంచి చూసి, "ఈ రంగుల ఆలోచన నీదేనా?" అన్నారు. "అవునండీ" అన్నాను. "సరే, టెన్త్‌లో కూర్చోమనండి దీన్ని. ఎవరైనా అడిగితే నేను చెప్పుకుంటాను" అన్నారు. టీచరు గారు క్లాసుకి తీసుకొచ్చి అందరిచేత చప్పట్లు కొట్టించారు. మంగ కూడా కొట్టింది. నేను బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాక, "బాగా రాశావే" అంది. అంతే. దెప్పలేదు, అలగలేదు. అదే నాకు గుచ్చుకుంది.

దసరా సెలవులయ్యాక మంగ బడికి రాలేదు. పై తరగతి లెక్కల ధ్యాసలో పడి, నా పక్క చోటు ఎందుకు ఖాళీగా ఉందని మూడు రోజుల దాకా ఆరా కూడా తీయలేదు. వాళ్ల నాన్న చెట్టు మీంచి పడి మంచాన ఉన్నాడని, మంగ వాళ్లమ్మతో నర్సరీ పనికి వెళ్తోందని మా అమ్మ చెప్పింది. "దానికి ఎలాగూ చదువు అంతంత మాత్రమేగా" అని కూడా అంది. ఆ మాట విన్నాక నాకు ఇంట్లో ఉండబుద్ధి కాలేదు.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళ స్టాఫ్‌రూము గుమ్మంలో నిలబడ్డాను. టీచరు గారు క్యారేజీ విప్పుతున్నారు. "ఏమ్మా?" అన్నారు. "రంగుల ఆలోచన నాది కాదండీ, మంగదండీ" అన్నాను. ఇక ఆగలేదు, ఇటుక ముక్క సంగతి, ఇన్నాళ్లూ అది అడిగిన ప్రశ్నల సంగతి, అన్నీ ఏడుస్తూ చెప్పేశాను. ఇంక పై తరగతిలోంచి దింపేస్తారని, ఈసారి నిజంగానే దొంగనని తేలిపోయిందని అనుకున్నాను.

ఆవిడ గిన్నె మూత మళ్లీ పెట్టేశారు. "పద్నాలుగేళ్ల పిల్లవి, నువ్వు చెప్పలేదు. అది తప్పే. ఇప్పుడు చెప్పావు గనక దాన్ని ఇక్కడితో వదిలేద్దాం. మరి నేను? ఆ పిల్లని నీ పక్కనే పెట్టుకుని, నీ రాత చదవడానికి మాత్రమే పనికొస్తుందనుకున్నాను చూడు" అన్నారు. ఆ పూట ఆవిడ అన్నం తినలేదు.

ఆదివారం ఆవిడ రాజమండ్రి నుంచి మళ్లీ బస్సెక్కి వచ్చి, నన్ను వెంటబెట్టుకుని నర్సరీకి వెళ్లారు. ముందురోజు వాన పడి నేలంతా బురద. చెప్పులు చేత్తో పట్టుకుని నడిచారు. మంగ మట్టి, పేడ కలిపి ప్లాస్టిక్ సంచుల్లో నింపుతోంది. మమ్మల్ని చూసి లేచి, మట్టి చేతులు వెనక్కి దాచుకుంది.

"గళ్ల లెక్క నువ్వు చేశావటగా?"

మంగ నా వైపు చూసింది. "దాన్నేం అనకండి టీచరు గారండీ. రాసింది అదే కదండీ" అంది.

"రాసింది అది, తోచింది నీకు. నేను సగమే చూశాను. తప్పు నాదమ్మా" అన్నారావిడ. ఒక టీచరు, నిలబడి, మట్టిచేతుల పిల్లతో తప్పు నాదని చెప్పడం నేనెప్పుడూ వినలేదు. మంగకి ఏం చేయాలో తెలియక మళ్లీ కూర్చుని సంచి నింపడం మొదలుపెట్టింది. టీచరు గారు పక్కనే గొంతుక్కూర్చున్నారు. "పొద్దస్తమానం ఇదే పని చేస్తుంటే ఏం ఆలోచిస్తావు?" అని అడిగారు.

మంగ పక్కనున్న మడి చూపించింది. "అదుగోండి. మొదట్లో సంచులు వరుసకి సరిగ్గా ఎదురుగా వరుస పెట్టేవారండి. గుండ్రటి సంచులు కదండీ, మధ్యలో సందులు వస్తున్నాయి. రెండో వరుస ఆ సందుల్లోకి జరిపి పెడితే అదే మడిలో ఇంకో వరుస పట్టిందండి. పెద్ద మడైతే రెండు పడతాయేమో, ఎన్ని పడతాయో ముందే చెప్పొచ్చా అని చూస్తున్నానండి." టీచరు గారు ఆ మడిని చూస్తూ ఉండిపోయారు. కొంగుతో ముఖం తుడుచుకున్నారు. ఎండ లేదు, చెమటా లేదు.

మంగ వాళ్లమ్మ పరుగున వచ్చింది. "అమ్మగారండీ, దాన్ని పంపమనకండి. దాని నాన్న లేచేదాకా ఇద్దరం చేస్తేగానీ ఇల్లు గడవదండి" అని ముందే అనేసింది. టీచరు గారు ఆవిడకి నీతులు చెప్పలేదు. నేరుగా నర్సరీ రైతు దగ్గరికి వెళ్లారు. ఏం మాట్లాడారో పూర్తిగా వినలేదు గానీ, "మీ మడిలో అదనంగా వరుస పట్టించిన పిల్లండీ అది. పొద్దున్న రెండు గంటలు, ఆదివారాలు పని చేయించుకోండి. పగలు మాత్రం నాకివ్వండి" అన్న మాటలు వినిపించాయి. ఆయన తలగోక్కుని, చివరికి సరేనన్నారు. వాళ్లమ్మ ఒప్పుకోవడానికి ఇంకా రెండు ఆదివారాలు పట్టింది, అదీ మంగ వాళ్ల నాన్న మంచం దిగాకే పంపుతానని. ఆయన లేచి తిరిగేసరికి బడి చివరికొచ్చేసింది, హాజరు చాలక మంగకి ఆ ఏడాది పోయింది. మరుసటి జూన్‌లో మళ్లీ తొమ్మిదిలో చేరింది. అప్పటిదాకా టీచరు గారి లెక్కల కాగితాలు దానికి నేనే మోశాను.

ఆ తర్వాత ఆవిడ పాఠం చెప్పే తీరే మారిపోయింది. గోడ మీది లెక్కకి జవాబు ఎవరు తెచ్చినా చప్పట్లు కొట్టించడం మానేశారు. "బాగుంది. ఇది మొదట ఎవరికి తోచింది? ఎవరితో మాట్లాడాక తోచింది?" అని అడిగేవారు. మొదట్లో ఎవరూ చెప్పేవారు కాదు. నెమ్మదిగా పేర్లు బయటికి వచ్చాయి. ఎప్పుడూ నోరు విప్పని పిల్లల పేర్లు, చివరి బల్లల పేర్లు. శనివారం మధ్యాహ్నం వరండాలో చాపలు పరిచి ఎవరు వచ్చినా కూర్చోబెట్టేవారు. మార్కులు అడిగేవారు కాదు. కొందరు పది నిమిషాలు కూర్చుని ఆటకి పోయేవారు. పోనిచ్చేవారు. "వాడికి వేరే ఏదో ఉండి ఉంటుంది. అది వెతకాల్సింది కూడా మనమే" అనేవారు డ్రిల్లు మాస్టారితో.

నేను రాజమండ్రిలో డిగ్రీ చదివి, బీఈడీ చేసి, డీఎస్సీ రాసి టీచరునయ్యాను. మంగ పదో తరగతి మంచి మార్కులతో పాసయింది. ఇంటరు సగంలో ఆగింది. ఇంట్లో పరిస్థితి అంతవరకే సాగనిచ్చింది. ఇప్పుడు భర్తతో కలిసి సొంత నర్సరీ నడుపుతోంది. దాని మొక్కలు లారీల మీద ఎక్కడెక్కడికో వెళ్తాయి. ఏ మొక్క ఏ వారానికి ఎంత ఎదుగుతుందో అది గీసుకున్న పటాలు చూస్తే నాకు ఇప్పటికీ అసూయ కలుగుతుంది.

టీచరు గారు రిటైరయ్యాక ఒకసారి వెళ్లి చూశాను. కొట్టు పైనున్న ఇంట్లో, కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నారు. చూపు మందగించింది. గొంతు బట్టి గుర్తుపట్టారు. నా క్షేమం అడగకముందే, "మంగ ఎలా ఉంది?" అన్నారు. బాగుందన్నాను. "బాగుంటుందిలే, గట్టి పిల్ల. ఒక్క ఏడాది ముందు చూసి ఉంటే ఎక్కడ ఉండేదో" అన్నారు. నేను ఊరడించబోయాను, ఆవిడ వల్లే కదా నేను ఇలా ఉన్నానని. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టారు. "నిన్ను కనిపెట్టానని ఊరంతా మెచ్చుకున్నారు నన్ను. నువ్వు తలెత్తి ఉన్నావు, కనపడ్డావు. కనపడని పిల్లని చూడ్డానికే కదమ్మా మనకి జీతం ఇచ్చేది."

ఆ మాట మంగతో అంటే అది మొక్కకి అంటు కడుతూ నవ్వింది. "ఎక్కడో ఉండేదాన్నని మీరిద్దరూ తెగ బాధపడిపోతారేంటే? నేను ఇక్కడ లేనా? ఆవిడ ఆ రోజు బురదలో కూర్చుని నువ్వేం ఆలోచిస్తున్నావని అడిగారు చూడు, నన్ను ఆ మాట అడిగిన మనిషి అప్పటిదాకా లేదు. నాకు అది చాలు" అంది. ఎవరి మాట నిజమో నేను తేల్చుకోలేను. ఇద్దరిదీ నిజమేనేమో. టీచరు గారు పోయి రెండేళ్లయింది. ఆ రోజు నర్సరీ మూసేసి వచ్చి, రోజంతా నాతో పాటు ఆ ఇంట్లోనే ఉంది మంగ.

కొన్నేళ్లుగా మా మండలంలో ప్రతిభ గల పిల్లల్ని ఎంపిక చేసే పనిలో నన్నూ వేస్తున్నారు. బడి బడి నుంచీ పేర్లు వస్తాయి, ఎదురుగా మార్కులు ఉంటాయి, కింద నా సంతకానికి చోటు ఉంటుంది. మంచి పిల్లలే, మార్కులూ నిజమే. కానీ జాబితా చేతికొచ్చిన రోజు నేను సంతకం పెట్టను. మర్నాడు ఆ బళ్లకి వెళ్లి, ఆ పిల్లల పక్కన ఎవరు కూర్చుంటున్నారో చూస్తాను, కాసేపు వాళ్లతో మాట్లాడతాను. చాలాసార్లు మామూలు పిల్లలే కనపడతారు. ఆలస్యం చేస్తానని ఆఫీసులో నా మీద విసుక్కుంటారు కూడా. విసుక్కోనీ. పోయినసారి మూడు పేర్లు చేర్చి పంపాను.